విక్టరీ ముక్కు దగ్గర పట్టీలు విరగకుండా ఎలా వంచానంటే

హెచ్‌ఎంఎస్ విక్టరీ చెక్క నమూనా కట్టేటప్పుడు అసలు టెన్షన్ ముందు భాగం దగ్గరే. 1765లో నీటిలోకి దింపిన ఆ బ్రిటిష్ యుద్ధనౌక ముక్కు కోసుగా ఉండదు, బాగా గుండ్రంగా ఉంటుంది. 1.5 మి.మీ. మందం, 5 మి.మీ. వెడల్పుతో, నౌక ఒంటికి తొడుగులా అతికించే లైమ్ (లిండెన్ చెట్టు) చెక్క పట్టీలు ఆ వంపు దగ్గరికి రాగానే చిట్లిపోయేవి.

చన్నీళ్లలో రాత్రంతా నానబెట్టినా లాభం లేకపోయింది. పని చేసింది వేడి. చెక్క పీచుల్ని పట్టి ఉంచే లిగ్నిన్ తడి, వేడి రెండూ కలిస్తేనే బాగా మెత్తబడుతుంది. అందుకే నానిన పట్టీని సోల్డరింగ్ ఐరన్‌కు తొడిగిన గుండ్రటి ఇత్తడి తల మీద మెల్లగా నొక్కుతూ వంచాను. ఆవిరి ఆగితే మళ్లీ తడపాలి, లేకపోతే మాడుతుంది. వంచగానే అతికించకూడదు. తడి పట్టీ ఉబ్బి ఉంటుంది, ఆరాక కుంచించుకుపోయి సందులు పడతాయి. ఫ్రేములకు, అంటే నౌకకు ఆకారమిచ్చే పక్కటెముకల్లాంటి చట్రాలకు, క్లిప్పులతో బిగించి, మర్నాడు పూర్తిగా ఆరాకే తెల్ల జిగురు పెట్టాను.

ఇంకోటి, నాకైతే ఇదే ముఖ్యం: ముక్కు వైపు పట్టీని సన్నగా చెక్కాలి, కానీ సగం వెడల్పు కంటే తగ్గకూడదు. మరీ మొనదేలితే మేకు కొట్టగానే చీలుతుంది. ముందు వైపు ఫ్రేముల అంచుల్ని కూడా వంపుకు తగ్గట్టు ఆకురాయితో ఏటవాలుగా అరగదీశాక పట్టీలు చక్కగా ఆనుకున్నాయి.