రాయించే ముందు చెప్పించండి

మూడు, నాలుగు తరగతుల పిల్లలకు 'సంక్రాంతి గురించి పది వాక్యాలు రాయి' అంటే గైడులోని వాక్యాలే వస్తాయి: 'సంక్రాంతి పెద్ద పండుగ. మూడు రోజులు జరుపుకుంటారు.' అందులో ఆ పిల్లవాడు ఎక్కడా కనిపించడు. అంశాన్ని చిన్నది చేసి అడగండి: 'భోగి రోజు పొద్దున మీ ఇంటి ముందు ఏం జరిగింది?'

ముందు నోటితో చెప్పించండి. మంటలో ఏమేం వేశారు? పొగ ఎటు వచ్చింది? భోగిపళ్లు పోస్తుంటే చెల్లి ఏం చేసింది? వాడి జవాబుల్లోంచి పిడకలు, రేగుపళ్లు, చిల్లర, ఏడుపు లాంటి మాటలు బోర్డు మీద రాసి పెట్టండి. అవి ఎదురుగా ఉంటే ఒత్తుల టెన్షన్ తగ్గుతుంది. ఆ తర్వాతే రాయమనండి.

మొదటిసారి రాసినదాని మీద ఎర్ర పెన్ను అసలు పెట్టొద్దు. పేజీ నిండా గీతలు చూసిన పిల్లలు తర్వాత తమకు కచ్చితంగా వచ్చిన మాటలే వాడి, రెండు వాక్యాలతో ఆపేస్తారు. రాసింది పైకి చదివించండి, చాలా తప్పులు వాళ్లే పట్టుకుంటారు. మర్నాడు ఒక్క విషయమే దిద్దండి, ఒత్తులైతే ఒత్తులే. 'వచ్చిండు', 'వచ్చినాడు' లాంటి ఇంటి మాటలు సంభాషణల్లో ఉండనివ్వండి. కథకు ప్రాణం అవే.

కథలకైతే సగం చెప్పి వదిలేయండి: 'స్కూలు గేటుకు తాళం వేశారు. లోపల కుక్కపిల్ల ఉండిపోయింది...'

ఇంకా రాయడం రాని ఒకటో తరగతి వాళ్లు చెబుతుంటే మీరే రాసి, పక్కన బొమ్మ వాళ్లతో వేయించండి.