బొమ్మ బదులు ఖాళీ డబ్బా ఇచ్చి చూడండి

కూర్చోవడం వచ్చిన బిడ్డ ముందు ఓ ఖాళీ డబ్బా, దాని మూత, చెక్క గరిటె, చేతిరుమాలు పెట్టండి. ఎలా ఆడాలో మాత్రం చూపించకండి. కష్టమేలెండి, మన చెయ్యి ఊరుకోదు! బిడ్డే డబ్బా మీద బాదుతుంది, మూత చప్పరిస్తుంది, రుమాలు లోపల కుక్కి మళ్లీ లాగుతుంది. గరిటె పదిసార్లు కింద పడేసినా విసుక్కోవద్దు, అది అల్లరి కాదు, పడితే ఏమవుతుందో చూసుకుంటోంది. తను చేసిన చప్పుడే మీరూ చేస్తే ఆట ఇంకాసేపు సాగుతుంది. ముఖం తిప్పేసుకుంటే ఆపేయండి. ఒకసారికి 3, 4 వస్తువులు చాలు, అప్పుడప్పుడూ మారుస్తుండండి. 4 సెంటీమీటర్ల కన్నా చిన్నవి గొంతుకు అడ్డం పడొచ్చు, అవి అస్సలు వద్దు. ఆడుతున్నంతసేపూ మీరు పక్కనే ఉండాలి.