రేడియో వార్త: ఏది ఎంచుకోవాలి, ఎలా వినిపించాలి

బులెటిన్ డెస్క్‌లో కొత్తగా కూర్చునేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే: వచ్చిన కాపీలన్నీ, అంటే వార్తల రాతప్రతులన్నీ, ఒకసారి చదివి బోర్లా పెట్టండి. చూడకుండా గుర్తొచ్చినవి రాసుకోండి. మీకే గుర్తుండని వార్త, వంట చేసుకుంటూనో బండి నడుపుతూనో వినేవాళ్లకు ఏం నిలుస్తుంది? అందులో నిజంగా ముఖ్యమైనది ఉంటే పారేయకండి, తిరగరాయండి.

తర్వాత ప్రతి వార్తనూ రెండు ప్రశ్నలడగండి. గత బులెటిన్ నుంచి ఇప్పటికి ఇందులో ఏం మారింది? ఇది తెలిస్తే శ్రోత ఈ రోజు చేసే పనేమైనా మారుతుందా? రెండింటికీ జవాబు లేకపోతే, ఎంత పెద్దాయన ప్రసంగమైనా కిందికి జరగాల్సిందే. పెద్ద పేర్లు, చెడ్డ వార్తలు ఎవరూ తొయ్యకుండానే పైకెక్కుతాయని గాల్టుంగ్, రూజ్ అనే నార్వే పరిశోధకులు 1965లోనే చెప్పారు. కనుక మీ శ్రమంతా మిగతావాటి మీద పెట్టండి.

చెప్పుకోదగ్గదేదీ లేకపోతే? 1930 ఏప్రిల్ 18న బీబీసీ అనౌన్సర్ ఈ రోజు వార్తలేమీ లేవని చెప్పేశాడు, మిగతా సమయం పియానో వినిపించారు. ఇవాళ మనకు ఆ భాగ్యం ఎవరిస్తారు!

ఇక రాత. వార్తా ఏజెన్సీ కాపీ ఇలా వచ్చిందనుకోండి: “ఎగువ ప్రాంతాల్లో ఎడతెరిపి లేకుండా కురుస్తున్న వర్షాల కారణంగా నదిలో నీటిమట్టం ప్రమాద సూచికను దాటిన నేపథ్యంలో లోతట్టు ప్రాంతాలకు చెందిన 4,837 మందిని సురక్షిత ప్రాంతాలకు తరలించినట్లు అధికారులు వెల్లడించారు.” క్రియ వచ్చేదాకా శ్రోత ఊపిరి బిగబట్టాలి. నేనైతే ఇలా విరుస్తాను: “నది పొంగుతోంది. లోతట్టు ప్రాంతాల నుంచి దాదాపు ఐదు వేల మందిని అధికారులు తరలించారు. ఎగువన వాన ఇంకా తగ్గలేదు.” మొదటి వాక్యం కావాలనే పొట్టిగా పెట్టాను. చెవి ఇటు తిరిగేలోపు ఒకటి రెండు మాటలు జారిపోతాయి, అందుకే అసలు వివరం రెండో వాక్యంలో ఉండాలి.

తెలుగులో ఇంకో చిక్కుంది. “ధరలు తగ్గుతాయి, ఉద్యోగాలు పెరుగుతాయి” అని చదివి, చివర్లో “అని మంత్రి చెప్పారు” అంటే, అప్పటిదాకా ఆ హామీ మనమే ఇస్తున్నట్టు వినిపిస్తుంది. “మంత్రి మాట ప్రకారం” అని ముందే చెప్పేయండి. అంకెలు వార్తకు ఒకటి చాలు, మహా అయితే రెండు.

క్లిప్, అంటే ఎవరిదైనా రికార్డు చేసిన మాట, వేస్తున్నప్పుడు, అందులో మనిషి అనబోయే మాటనే పరిచయంలో మీరు అనేయకండి. ఎవరు, ఎందుకు మాట్లాడుతున్నారో చెప్పి తప్పుకోండి.

చావు వార్త పక్కనే ఆటల్లో గెలుపు పెట్టకండి. మధ్యలో వాతావరణమో మార్కెట్టో ఉండాలి, లేదంటే న్యూస్ రీడర్ గొంతు మార్చుకోలేక ఇబ్బంది పడతారు.

నిడివికి ఇంగ్లీషు డెస్కుల్లో సెకనుకు మూడు మాటలన్న లెక్క ఉంది. మన పొడుగు మాటలకు అది కుదరదు. పైకి చదివి వాచీ చూసుకోండి. ఆఖరి వార్త ఎక్కడ ఆపినా అర్థం చెడనిది పెట్టండి. టైమ్ మించిపోతే రీడర్ కోసేది దాన్నే.