ఓవెన్ వంట – మూడో పాఠం: చీజ్ దుంపల బేక్

కిందటి పాఠంలో బంగాళాదుంపల్ని 3 మిల్లీమీటర్ల మందాన చక్రాలుగా తరగమని ఇంటిపని ఇచ్చాను. మందం సరిగ్గా కుదరకపోయినా దిగులు పడకండి. అన్నీ ఒకే మందంలో ఉంటే చాలు. ఒకటి రేకులా, ఇంకోటి బిళ్లలా ఉంటే మాత్రం ఒకటి చిదిమిపోయేసరికి ఇంకోటి కరకరలాడుతూనే ఉంటుంది.

చలికి చేతులు కొంకర్లు పోతున్న రాత్రి, ఓవెన్ తలుపు తీయగానే ముఖానికి తగిలే ఆ వేడి ఆవిరి కోసమే ఈ వంటకం. నలుగురికి కావలసినవి: దుంపలు 1 కిలో, పాలు 300 మిల్లీలీటర్లు, చిక్కటి క్రీమ్ 300 మిల్లీలీటర్లు, తురిమిన చీజ్ 150 గ్రాములు, వెల్లుల్లి రెబ్బ, కొంచెం వెన్న, ఉప్పు, మిరియాల పొడి, చిటికెడు జాజికాయ పొడి.

ఈ పాఠం మొత్తానికి గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: తరిగిన చక్రాలు కడగకూడదు. చెక్కు తీసిన దుంపల్ని ముందే కడిగేయండి, ఆ తర్వాత నీళ్ల జోలికి పోవద్దు. నేను మొదటిసారి చేసినప్పుడు శుభ్రంగా ఉండాలని చక్రాల్ని మూడు నీళ్లలో కడిగాను. గంట తర్వాత పళ్లెంలో పాలు పాలుగానే ఉన్నాయి, అందులో దుంపలు ఈత కొడుతున్నాయి. నీళ్లతోపాటు నేను పారబోసింది గంజిని. తరిగిన చక్రాన్ని రెండు వేళ్ల మధ్య రుద్ది చూడండి, జిగటగా తెల్లటి పొర అంటుతుంది. వేడెక్కిన పాలలో ఆ గంజి ఉబ్బి, మైదా అక్కర్లేకుండానే సాస్‌ని చిక్కబరుస్తుంది. ఫ్రాన్స్‌లోని దోఫినే ప్రాంతపు గ్రాతాన్ దోఫినువా ఈ వంటకానికి అక్కలాంటిది. అందులో చీజ్ వేయకూడదని పట్టుబట్టేవాళ్లున్నారు. చీజ్ లేకపోయినా అది మీగడలా ఉంటుందంటే ఈ గంజి చలవే.

దుంపల రకం కూడా చూసుకోవాలి. ఉడికితే పొడిపొడిగా విడిపోయే రకంలో గంజి ఎక్కువ, సాస్ బాగా చిక్కబడుతుంది గానీ చక్రాలు చిదుగుతాయి. గట్టిగా నిలిచే రకంలో పొరలు అందంగా కనిపిస్తాయి, సాస్ పలచన. నాకైతే మధ్యరకమే ఇష్టం.

ఇక పొయ్యి దగ్గరికి. వెడల్పాటి గిన్నెలో పాలు, క్రీమ్, ఉప్పు, మిరియాలు, జాజికాయ కలిపి రుచి చూడండి. ఉప్పు ఒక పిసరు ఎక్కువైనట్టు అనిపించాలి, ఎందుకంటే దుంపలు దాన్ని లాగేసుకుంటాయి. చీజ్‌లోనూ ఉప్పుంటుందని మరిచిపోకుండా అక్కడే ఆగండి. చక్రాలు వేసి సన్నసెగ మీద 8 నిమిషాలు, అడుగంటకుండా నెమ్మదిగా కదుపుతూ ఉంచండి. గరిటె ఎత్తితే పాలు ధారగా కాకుండా బొట్లుబొట్లుగా, బరువుగా జారితే గంజి తన పని మొదలుపెట్టినట్టే.

బేకింగ్ పళ్లెం లోపల వెల్లుల్లి రుద్ది, వెన్న రాసి, అంతా అందులోకి వంపండి. పైన నాలుగు చక్రాలు సర్దితే చాలు, లోపల ఎలా ఉన్నాయో ఎవరూ చూడరు. అల్యూమినియం రేకు కప్పి 160 డిగ్రీల సెల్సియస్‌లో 40 నిమిషాలు. ఇంతకంటే వేడి పెడితే పాలు విరిగి పలుకులు కట్టే ప్రమాదముంది. కత్తి మొన అడ్డులేకుండా దిగితేనే రేకు తీసి చీజ్ చల్లండి. మొదట్లోనే చల్లితే అది నూనె కక్కి తోలులా బిగుసుకుంటుంది. ప్యాకెట్‌లో తురిమి అమ్మే చీజ్‌కి ముద్దకట్టకుండా పొడి పట్టిస్తారు, అది సాఫీగా కరగదు. ముక్క కొని మీరే తురుముకోండి. 200 డిగ్రీల్లో మరో 15 నిమిషాలకు పైన గోధుమరంగు మచ్చలు, అంచుల్లో బుడగలు కనిపిస్తాయి.

తీయగానే వడ్డించొద్దు. 15 నిమిషాలు ఆగితే సాస్ గట్టిపడి, గరిటె పెడితే ముక్క ముక్కగా లేస్తుంది. ఈలోపు పళ్లెం అంచున అంటుకున్న మాడుచెక్కను చెంచాతో గీకి తినడం వండినవాళ్ల హక్కు. గ్రాతాన్ అన్న మాటే ఫ్రెంచిలో గీకడం నుంచి పుట్టింది.

ఇంటిపని: ఒక దుంప తరిగి సగం చక్రాలు కడిగి, సగం కడగకుండా రెండు చిన్న గిన్నెల్లో సమానంగా పాలు పోసి ఉడికించండి. పదో నిమిషంలో రెండింటి పాలనూ చెంచాతో ఎత్తి చూసి, తేడా రాసి పెట్టుకోండి. ఆ కాగితం నాలుగో పాఠానికి కావాలి.