కెల్సో రిడ్జ్ మీదుగా టోరీస్ పీక్: ఫ్రెండ్స్‌తో వెళ్ళాలంటే

అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్ వైపు ఉండే మనవాళ్ళు చాలామంది మొదటి ఫోర్టీనర్‌గా, అంటే 14,000 అడుగులు దాటిన కొండగా, గ్రేస్‌నో టోరీస్‌నో ఎంచుకుంటారు. రెండూ పక్కపక్కనే ఉంటాయి, దారి ఒకటే, ఒక్కరోజులో రెండూ అయిపోతాయి. ఆ దారిలో నడుస్తుంటే కుడిపక్కన రంపం పళ్ళలా ఒక గట్టు ఆకాశంలోకి లేచి కనిపిస్తుంది, దాని మీద చీమల్లా ఎవరో పాకుతుంటారు. అదే కెల్సో రిడ్జ్. అక్కడ వేసిన ట్రెయిల్ ఉండదు, రాళ్ళు పట్టుకుని ఎక్కుతూ నేరుగా టోరీస్ శిఖరం మీదకే తేలతారు.

గ్రేడ్ ప్రకారం ఇది క్లాస్ 3. తాడు లేకుండానే ఎక్కుతారు, కానీ చేతులు వాడక తప్పదు, కొన్నిచోట్ల పడితే ప్రాణం పోతుంది. కాబట్టి మామూలు ట్రెయిల్ మీద రెండు మూడు ఫోర్టీనర్లు ఎక్కి, ఆ ఎత్తులో ఒంట్లో ఎలా ఉంటుందో తెలిశాకే దీని జోలికి రండి. "అలిపిరి నుంచి 3,550 మెట్లు ఆగకుండా ఎక్కాను, నాకేం కాదు" అనే ఫ్రెండ్ ప్రతి గుంపులో ఒకరు ఉంటారు. ఆ కాళ్ళు ఇక్కడా పనికొస్తాయి, నిజమే, కానీ 14,000 అడుగుల మీద ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో అందేదానిలో దాదాపు 60 శాతం మాత్రమే. డల్లాస్ నుంచి శుక్రవారం రాత్రి ఫ్లైట్ దిగినవాళ్ళని శనివారం తెల్లారి రిడ్జ్ ఎక్కించకండి, కనీసం రెండు రాత్రులు ఇక్కడ పడుకోనివ్వండి. తలనొప్పి, వాంతి వచ్చేట్టు ఉండటం, అడుగు తడబడటం, వీటిలో ఏది కనిపించినా మందు కిందకి దిగడమే.

నలుగురు వెళ్తే సరిగ్గా సరిపోతుంది. ఎనిమిదిమంది అయితే పైవాళ్ళ కాలికింద కదిలిన రాయి కిందవాళ్ళ మీదకే వస్తుంది. నలుగురినీ ఇద్దరిద్దరు జతలుగా ముందే అనుకోండి.

ముందురోజు రాత్రి అందరూ కూర్చుని మాట్లాడుకోవడం మాత్రం మానకండి. నా అనుభవంలో ఈ రిడ్జ్ మీద మనవాళ్ళకి రాళ్ళకన్నా పెద్ద ప్రమాదం మొహమాటం. మాతో వచ్చిన ఒక స్నేహితుడికి మొదటి రాతి బురుజు దగ్గరే కాళ్ళు వణికాయి, కానీ అందరి ప్రోగ్రామ్ పాడవుతుందని నోరు విప్పలేదు. ఇంకో గంట ఎక్కాక, ముందుకీ వెనక్కీ ఒకే కష్టం అనిపించే చోట, కదల్లేక కూర్చుండిపోయాడు. పక్కనే కూర్చుని నీళ్ళు తాగించి, ప్రతి అడుగూ ఎక్కడ పెట్టాలో చెప్పుకుంటూ పైకి తీసుకెళ్ళాం, కానీ ఆ టెన్షన్ నేను ఇప్పటికీ మర్చిపోలేదు. అప్పటినుంచి మా రూల్ ఒకటే: ఎవరు "నేను వెనక్కి వెళ్తా" అన్నా కారణం అడగం, బతిమాలం, వాళ్ళ జతవాళ్ళు వాళ్ళతోపాటే దిగిపోతారు. ఈ మాట కొండ మీద కాదు, ఇంట్లో భోజనాల దగ్గరే అందరిచేతా అనిపించాలి.

వెళ్ళాల్సిన కాలం జులై మధ్య నుంచి సెప్టెంబర్ మధ్య దాకా. అంతకుముందు మంచు మిగిలి ఉంటుంది, ఐస్ యాక్స్, అంటే మంచులో పట్టు కోసం వాడే గొడ్డలి, వాడటం వచ్చినవాళ్ళ సంగతి వేరు. జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం ఉరుములు మెరుపులు దాదాపు రోజువారీ వ్యవహారం, రిడ్జ్ మీద మీకన్నా ఎత్తైన వస్తువు ఇంకోటి ఉండదు. అందుకే తెల్లారి 5కల్లా నడక మొదలవ్వాలి. ఐ-70 హైవే మీద బేకర్‌విల్ దగ్గర 221 నంబర్ ఎగ్జిట్ తీసుకుంటే అక్కణ్ణుంచి నడక మొదలయ్యే చోటికి, అంటే ట్రెయిల్‌హెడ్‌కి మూడు మైళ్ళు మట్టిరోడ్డు. గుంతలు, రాళ్ళు ఎక్కువ కాబట్టి ఎత్తున్న బండి కావాలి. వీకెండ్ అయితే పార్కింగ్ చీకట్లోనే నిండిపోతుంది.

బ్యాగ్‌లో మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, రెయిన్ జాకెట్, గ్లోవ్స్, తలకి పెట్టుకునే హెడ్‌లైట్. మ్యాప్ ఫోన్‌లో ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, సిగ్నల్‌ని నమ్ముకోవద్దు. హెల్మెట్ అందరికీ ఉండాల్సిందే, ఒక్కరికి లేకపోయినా ఆ రోజు అందరూ ట్రెయిల్ మీదే వెళ్ళండి. సీసాలు, కప్పులు బ్యాగ్ బయట వేలాడదీయకండి, రాయికి తగులుకుని లాగేస్తాయి.

ట్రెయిల్‌హెడ్ 11,230 అడుగుల దగ్గర ఉంది. మామూలు ట్రెయిల్ మీద మైలున్నర పైచిలుకు నడిచాక కెల్సో కొండకీ టోరీస్‌కీ మధ్య ఉన్న పల్లపు గట్టు వైపు కుడికి తిరగాలి. అక్కడ పాతకాలపు గని షెడ్డు ఒకటి కనిపిస్తుంది. అక్కడ ఆగి అసలు నిర్ణయం తీసుకోండి. టైమ్ 8 దాటిందా, మబ్బులు కడుతున్నాయా, ఎవరి మొహమైనా పాలిపోయిందా? ఒక్కదానికి అవునన్నా ట్రెయిల్ మీదకి మళ్ళండి, టోరీస్ అటునుంచి కూడా అందుతుంది. ఇక్కడ ఈజీగా మారే ప్లాన్ పైకి వెళ్ళాక మారదు, ఈ రిడ్జ్ ఎక్కడం కన్నా దిగడం కష్టం.

రిడ్జ్ మొదట్లో కాలిబాటలాంటిది కనిపిస్తుంది, తర్వాత రాతి బురుజులు మొదలవుతాయి. కష్టంగా ఉన్న ప్రతిచోటా పక్కనుంచి ఒక చిన్నదారి రమ్మని పిలుస్తుంటుంది, చాలావరకు అవి వదులు రాళ్ళు జారే పల్లాల్లోకి తీసుకెళ్తాయి. గట్టు నడినెత్తికి దగ్గరగా ఉండండి, చూడ్డానికి భయంగా ఉన్నా అక్కడే రాయి గట్టిది. రెండు చేతులు, రెండు కాళ్ళలో ఎప్పుడూ మూడు ఆని ఉండాలి, ఒక్కటే కదలాలి. పట్టుకునే ముందు రాయిని అరచేత్తో తట్టి చూడండి, డొల్లగా మోగితే వదిలేయండి. నిటారు చోట్ల ఒక్కొక్కరే ఎక్కండి, మిగతావాళ్ళు పక్కకి తప్పుకోండి. మిగతా చోట్ల దగ్గరదగ్గరగా నడవండి, అప్పుడు జారిన రాయి వేగం అందుకునేలోపే ఆపొచ్చు. రాయి కదిలితే "రాక్!" అని అరవండి, కింద ఉన్నవాళ్ళకి తెలుగు రాకపోవచ్చు. అందరికన్నా నెమ్మదిగా ఎక్కేవాళ్ళని రెండో స్థానంలో ఉంచండి. చివర్లో పెడితే వాళ్ళు చేరేసరికి ముందువాళ్ళు విశ్రాంతి అయిపోయి లేచి నిలబడతారు, పాపం వాళ్ళకి ఊపిరి తీసుకునే టైమే దొరకదు.

శిఖరం ఇంక కొంచెమే ఉందనగా కత్తి అంచులాంటి చోటు వస్తుంది. ముప్ఫై అడుగులు ఉంటుందేమో, రెండు పక్కలా లోయ. నిలబడి నడిచేవాళ్ళూ ఉన్నారు, మీకు ఆ అవసరం లేదు. గేదె మీద కూర్చున్నట్టు అటో కాలు ఇటో కాలు వేసి, చేతులు ముందు ఆనించి, ఒంటిని ముందుకు జరుపుకుంటూ వెళ్ళండి. ఒకరు పూర్తిగా దాటాకే రెండోవాళ్ళు. ఫోన్ జేబులోనే ఉంచండి. అది దాటాక జారుడు మట్టి, రాళ్ళ మీద కాసేపు ఎక్కితే శిఖరం.

పైన పులిహోర పొట్లాలు విప్పుకుని ఇరవై నిమిషాలు కూర్చోండి, కొండమేకలు దగ్గరికొచ్చినా ఏమీ పెట్టకండి. దిగేది మాత్రం గ్రేస్ వైపు ట్రెయిల్ మీదే. మధ్యలో పల్లం దగ్గర ఆకాశం తేటగా ఉండి, కాళ్ళలో ఓపికుంటే గ్రేస్ కూడా ఎక్కేయొచ్చు, ఉత్తర అమెరికా ఖండ జలవిభజన రేఖ మీద అన్నిటికన్నా ఎత్తైన చోటు అదే. మబ్బు నల్లబడితే దాని మీద ఆశ వదిలి కిందకి నడవండి. ఒంటి మీద వెంట్రుకలు లేచినా, ట్రెక్కింగ్ పోల్స్ (చేతికర్రలు) జుమ్మంటున్నా పిడుగు పడబోతోందని గుర్తు, ఒక్క క్షణం ఆగొద్దు, వెంటనే కిందకి.

ఇంట్లోవాళ్ళకి ఏ రిడ్జ్, ఏ పార్కింగ్, ఎన్నింటికల్లా ఫోన్ చేస్తారు, ఆ టైమ్ దాటితే ఎంతసేపు చూసి 911 ఎమర్జెన్సీ నంబర్‌కి చెప్పాలి అన్నది ముందే రాసిచ్చి బయల్దేరండి. బండి హైవే ఎక్కి సిగ్నల్ రాగానే మొదట ఆ ఫోన్ చేయండి, ఫోటోలు తర్వాత పంపుకోవచ్చు.