నట్స్ నుంచి నూనె తీయడం: ప్రెజర్ ద్రావణి పద్ధతిలో సమస్య - పరిష్కారం

నట్స్ పప్పులోని నూనెను కరిగించి బయటికి తెచ్చే ద్రావణి (సాల్వెంట్) హెక్సేన్. అది మామూలుగా 69 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగిపోతుంది. దాదాపు 100 బార్ల పీడనంలో ఉంచితే 100 డిగ్రీలకు వేడెక్కినా ద్రవంగానే ఉండి, పప్పు పొడిలోకి త్వరగా చొచ్చుకుపోతుంది. ప్రెజర్ ద్రావణి పద్ధతి అంటే ఇదే. ద్రావణిని మరిగించి, చల్లబరిచి పొడి మీద పదేపదే పోసే సాక్స్‌లెట్ పద్ధతిలో గంటలు పట్టే పని ఇక్కడ నిమిషాల్లో అయ్యేది అందుకే. అయితే ఫలితం బాగా రాకపోతే చాలామంది ముందుగా ఉష్ణోగ్రత పెంచేస్తారు. దయచేసి ఆ పని చివరికి పెట్టుకోండి. తప్పు చాలాసార్లు మెషీన్‌లో ఉండదు, సెల్‌లో (పొడి పట్టే గొట్టంలో) నింపిన పొడిలోనే ఉంటుంది.

సమస్య: నూనె తక్కువగా వస్తోంది

అక్రోటు పప్పు బరువులో 60 శాతానికి పైగా, బాదంలో దాదాపు సగం నూనే. మీకు అందులో మూడో వంతు కూడా రాలేదంటే పొడిని వేళ్ల మధ్య నలిపి చూడండి. పలుకులు తగిలితే ద్రావణి లోపలిదాకా వెళ్లడం లేదు. జిగటగా అంటుకుంటే మిక్సీ వేడికి పప్పు ముద్దయిపోయింది, ద్రావణి ఆ ముద్ద చుట్టూ తిరిగి బయటికి పోతోంది. పప్పును బాగా గడ్డకట్టించి, కొద్దికొద్దిగా, ఆపి ఆపి తిప్పండి. తర్వాత డయటోమేషియస్ ఎర్త్ (పొడిని విడివిడిగా ఉంచే సన్నటి ఖనిజపు పొడి) కలుపుతూ పోండి. పిడికిట్లో పట్టి వదిలితే పొడి ఇసుకలా జారాలి, అప్పటిదాకా కలపాల్సిందే.

తేమ ఇంకో కారణం. హెక్సేన్ నీటితో కలవదు కాబట్టి తడి పొడిలోకి దిగదు. ముందే తక్కువ వేడిలో, వీలైతే వ్యాక్యూమ్‌లో ఆరబెట్టండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయా? అయితే అదే పొడిని మళ్లీ ఒకసారి నడపండి. ఇంకా చెప్పుకోదగ్గ నూనె వస్తే సైకిళ్లు (పొడిని ద్రావణిలో నాననిచ్చి బయటికి పంపే విడతలు) పెంచండి. ఐదేసి నిమిషాల సైకిళ్లు రెండు మూడు ఉంటే చాలావరకు సరిపోతుంది.

సమస్య: ప్రెజర్ ఎక్కువైపోతోంది, లేదా నిలబడడం లేదు

ఎక్కువైతే ఎక్కడో అడ్డుపడింది. మరీ మెత్తటి పొడి ఫిల్టర్‌ను మూసేస్తుంది. తేమ పీల్చడానికి సోడియం సల్ఫేట్ వేసి, నీళ్లు కలిసిన ఇథనాల్ పంపినా ఇదే గతి: ఆ లవణం కరిగి, ట్యూబుల్లో మళ్లీ గడ్డకడుతుంది. ఆ జోడీ వద్దు. నిలబడకపోతే సెల్ అంచు మీద, మరల్లో పొడి రేణువులు ఉన్నాయేమో తుడిచి చూడండి. ఆ తర్వాతే సీలు మార్చండి.

సమస్య: నూనె అనుమానం వచ్చేంత ఎక్కువ

ద్రావణి పూర్తిగా పోలేదు. బరువు స్థిరపడేదాకా ఆరబెట్టి తూయండి. ఇథనాల్ వాడితే చక్కెరలు, ఫాస్ఫోలిపిడ్లు (ఫాస్ఫరస్ ఉన్న కొవ్వులు) కూడా వచ్చేస్తాయి, ఆ బరువంతా నూనె కాదు.

సమస్య: పెరాక్సైడ్ విలువ ఎక్కువ, పాత వాసన

నూనె గాలి తగిలి ఎంత పాడైందో పెరాక్సైడ్ విలువ చెబుతుంది. అక్రోటు నూనె త్వరగా పాడవుతుంది. అదే పొడి నుంచి చల్లటి హెక్సేన్‌తో కొంచెం నూనె తీసి పోల్చండి. అదీ అంతే ఉంటే పప్పే పాతది. తేడా ఉంటే నూనె తీసేటప్పుడే పాడవుతోంది: ద్రావణిలోని గాలి తీసేయండి, నైట్రోజన్‌తో పర్జ్ చేయండి (లోపలి గాలిని తరిమేయండి), ద్రావణిని ఆవిరి చేసే రోటరీ ఇవాపొరేటర్ బాత్‌ను 40 డిగ్రీలు దాటనివ్వకండి. నూనెను చీకట్లో, చల్లగా దాచండి.

సమస్య: పాలీఫినాల్స్ సరిగ్గా రావడం లేదు

పాలీఫినాల్స్ అంటే మొక్కల్లో ఉండే యాంటీ ఆక్సిడెంట్ పదార్థాలు. తక్కువైతే రెండు చూడండి. బాదం, అక్రోటుల్లో ఇవి ఎక్కువగా పప్పు మీది పలుచటి పొరలో ఉంటాయి, పొర తీసేస్తే అవీ పోయినట్టే. పైగా నూనె ఉండగా నీళ్లు కలిసిన ద్రావణి పొడిని సరిగ్గా తడపలేదు. ముందు హెక్సేన్‌తో నూనె తీసేసి, తర్వాత 50 నుంచి 70 శాతం ఇథనాల్ పంపండి.

ఉష్ణోగ్రత పెంచగానే పాలీఫినాల్స్ విలువ ఎగబాకి, ద్రవం గోధుమ రంగుకు తిరిగిందా? సంతోషపడకండి. ఆ వేడికి చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి కొత్త పదార్థాలు పుడతాయి. మొత్తం పాలీఫినాల్స్‌ను రంగు మార్పుతో కొలిచే ఫోలిన్ పరీక్ష వాటినీ పాలీఫినాల్స్‌గానే లెక్కేస్తుంది. పదార్థాలను వేరుచేసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో విడివిడిగా చూస్తేనే నిజం తెలుస్తుంది.

హెక్సేన్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది, గాలికన్నా బరువు కాబట్టి నేలబారున పాకుతుంది. ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లను బయటికి లాగేసే ల్యాబ్ గూడు) లేకుండా, ఈ పనికోసం తయారుకాని పాత్రల్లో దీన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. ల్యాబ్‌లో తీసిన నూనెను, మిగిలిన ద్రావణి ఎంతుందో పరీక్షించకుండా నోట్లో పెట్టుకోవద్దు.