ఐర్లండు పార్లమెంటు సభ్యుడి రాజకీయ జీవితాన్ని రాయడం ఎలా: ఆల్ఫ్రెడ్ వెబ్ ఉదాహరణగా

పందొమ్మిదో శతాబ్దపు ఐర్లండు ప్రతినిధి ఒకరి రాజకీయ జీవితాన్ని రాయదలచినవారు ముందుగా ఆయన బ్రిటిష్ పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభలోకి ఎలా వచ్చారో, ఎలా బయటికి వెళ్లారో తేల్చుకోవాలి. 1894 డిసెంబరులో మద్రాసు కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించిన ఆల్ఫ్రెడ్ వెబ్‌నే తీసుకుందాం. ఆయన 1890 ఫిబ్రవరిలో పశ్చిమ వాటర్‌ఫర్డ్ ఉప ఎన్నిక ద్వారా సభలో అడుగుపెట్టి, 1895లో సభ్యత్వం వదులుకున్నారు. రాజీనామా పత్రం కోసం మాత్రం వెతకవద్దు. ఆ సభలో నేరుగా రాజీనామా చేసే వీలు లేదు. తప్పుకోదలచినవారు రాజుగారి కొలువులో పేరుకు మాత్రమే మిగిలిన ఒక పదవిని స్వీకరించి అనర్హులవుతారు. అందుచేత ఆ నియామకపు తేదీనే పట్టుకోవాలి.

సభకు ముందరి జీవితాన్ని రెండు వాక్యాల్లో తేల్చేయడం సరికాదు. ఎన్నికయ్యేనాటికి వెబ్‌కు యాభై అయిదేళ్లు. 1911 వరకు సభ్యులకు జీతం లేదు కనుక ఎవరికైనా బతుకుతెరువు ఏమిటన్నది అడగవలసిన ప్రశ్నే. డబ్లిన్‌లోని ఈ క్వేకర్ (ఒక క్రైస్తవ శాఖ) కుటుంబానిది అచ్చు పని. తండ్రి అమెరికా బానిసత్వానికి వ్యతిరేకంగా పాటుపడినవారు. వెబ్ స్వయంగా 1878లో ఐర్లండు ప్రముఖుల జీవితచరిత్ర కోశాన్ని వెలువరించారు.

తరువాత పార్లమెంటు చర్చల నివేదిక అయిన హాన్సార్డ్ చూడాలి. అక్కడ సభ్యుడి ఇంటిపేరు, పక్కన కుండలీకరణాల్లో నియోజకవర్గం మాత్రమే కనిపించవచ్చు గనుక రెండూ సరిపోలితేనే ఆ ప్రసంగాన్ని మనవాడి ఖాతాలో వేయాలి. 1909కి ముందు ఆ సంపుటాలు పొల్లుపోకుండా రాసినవి కావు. వాటిలోని మాటలను కొటేషన్ గుర్తుల్లో పెట్టేముందు కాస్త ఆగాలి.

అన్నిటికన్నా ఎక్కువ శ్రమ పడవలసింది 1890 డిసెంబరు దగ్గర. ఐర్లండుకు స్వపరిపాలన కోరే ఐరిష్ పార్టీ నాయకుడు పార్నెల్ పేరు ఒక విడాకుల కేసుకెక్కిన దరిమిలా, ఆయన నాయకత్వంపై పార్టీ చీలింది. అదే పార్టీకి చెందిన జస్టిన్ మెకార్తీ వెంట అధిక సంఖ్యాకులు బయటికి నడిచారు. వెబ్ పార్నెల్‌ను వ్యతిరేకించిన పక్షానే నిలిచి, 1892లో అదే స్థానం నుంచి తిరిగి గెలిచారు. ఊరికే ‘ఐరిష్ జాతీయవాది’ అని రాస్తే ఈ చీలిక కనబడకుండా పోతుంది. ఏ సంవత్సరానికి ఏ పక్షమో విడిగా చూపాలి.

ఓటింగు జాబితాలను కూడా వదలకూడదు. 1893 సెప్టెంబరు 1న ఐర్లండు స్వపరిపాలన బిల్లు కామన్స్‌లో 301–267 ఓట్లతో నెగ్గింది, వారం తిరిగేసరికి ఎగువ సభ అయిన ప్రభువుల సభలో 419–41తో వీగిపోయింది. మద్రాసు అధ్యక్షతను ఈ ఓటమికి, 1895 నిష్క్రమణకు నడుమ, ఆయన ఇంకా సభ్యుడిగా ఉన్న కాలంలోనే నమోదు చేయాలి.